కట్టా కావలె, తూమూ కావలె

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసినది. ఆ విపత్తు మరల రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాననుసరించి నగరానికి ఎగువన జలాశయములు కట్టుటకు పూనుకొన్నారు. 1920లో గండిపేట వద్ద ఉస్మాన్ సాగర్ పూర్తి అయినది. ఆ కట్టను తలపెట్టినవారు నీటిని ఆపుటతో తృప్తిపడలేదు. నగరానికి మంచినీరు పోవు దారి ఉంచినారు; వరద వచ్చిననాడు ఎత్తుటకు తలుపులు అమర్చినారు. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదును విడిచిపోలేడని నగరవాసులు చెప్పుకొంటారు. ఆ కీర్తి నీటిని నిలిపిన కట్టదే కాదు, నీటిని ఇంటింటికి చేర్చిన దారిది కూడా. తూము లేని కట్టకు ఏదో ఒకనాడు గండి పడక తప్పదని మన పల్లెలలో చెరువు చూచుకొను నీరటికానికి కూడా తెలుసు.

ఈ సంగతి ఇప్పుడు జ్ఞాపకము చేయుటకు కారణమున్నది. గ్రంథములకు, పాటలకు, చలనచిత్రములకు కాపీరైట్ చట్టము కట్టవంటిది. దానికి నేడు గండి పడినది. 2025 నవంబరులో హైదరాబాదు సైబరు నేరముల పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేసినారు. తెలుగు చిత్రములను అనుమతి లేకుండా ఇంటర్నెట్టులో ఉచితముగా చూపిన ‘ఐబొమ్మ’ను నడిపినాడని అతనిపై ఆరోపణ. నేరనిర్ణయము న్యాయస్థానముల పని. కాని ఆ వార్తకు ప్రజలలో వచ్చిన ప్రతిస్పందన ఆలోచింపదగినది. చిత్రపరిశ్రమ పోలీసులను అభినందించినది. సామాన్య ప్రేక్షకులలో చాలమంది నిందితుని పట్ల సానుభూతి చూపినారు. దొంగ దొరికినాడంటే ఊరు సంతోషించవలె గదా! ఊరిలో సగము నిట్టూర్చినదంటే లోపము ఊరి నీతిలో ఉన్నదా, కట్ట కట్టిన తీరులో ఉన్నదా?

ప్రజల ఫిర్యాదు తెలియనిది కాదు. 2024 డిసెంబరులో ‘పుష్ప 2’ ముందురోజు ప్రదర్శనలకు టిక్కెట్టుపై 800 రూపాయలు అదనముగా తీసుకొనుటకు తెలంగాణ ప్రభుత్వమే అనుమతించినది. నలుగురున్న కుటుంబము ఆ లెక్కన ఎంత పెట్టవలెనో విద్యార్థులు నోటిలెక్కగా చెప్పగలరు. ఇంటిలో కూర్చుండి చూతమన్నా, ఒక చిత్రము ఒక సంస్థ వద్ద, మరొక చిత్రము మరొక సంస్థ వద్ద. ప్రతిదానికీ వేరు చందా.

ఇక శిక్షల సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టము 63వ సెక్షను ప్రకారము నేరము రుజువైనచో ఆరు నెలలకు తక్కువ కాకుండ మూడేండ్ల వరకు జైలు, యాబది వేల నుండి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా. ఈ నేరమునకు వారంటు లేకుండ అరెస్టు చేయవచ్చునని, బెయిలు హక్కుగా లభింపదని సుప్రీంకోర్టు 2022లో తేల్చినది. చిత్రములను దొంగచాటుగా రికార్డు చేసినవారికి 2023 నాటి సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టము మూడు నెలల నుండి మూడేండ్ల జైలు, కనీసము మూడు లక్షల జరిమానా విధించినది. ఆ జరిమానా చిత్రనిర్మాణ వ్యయములో నూటికి అయిదు వంతుల దాకా పోవచ్చును.

ఇంత కాఠిన్యము ఎందుకని అడుగువారు రెండవ పక్షము కూడ వినవలె. చిత్రమనగా తెరపై కనిపించు నాయకుడొక్కడే కాదు. దీపములు మోసినవాడు, కుట్టుపని చేసినవాడు, పాట వ్రాసినవాడు, ఊరి థియేటరు వాకిట టిక్కెట్టు చింపువాడు, అందరి భోజనము అందులోనే ఉన్నది. దొంగప్రతిని ఉచితముగా పంచువాడు ధర్మదాత అనుకొనుట కూడ పొరపాటే. అట్టి తావులలో పందెముల యాప్‌ల ప్రకటనలే తరచు కనిపించును. ప్రేక్షకుని బలహీనతయే అక్కడ మూలధనము.

అయినను ప్రజలు స్వభావముచేత దొంగలు కారు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ చిత్రము విడుదల కాకమునుపే సగభాగము బయటికి పొక్కినది. నిర్మాతలు తేదీని ముందుకు జరిపి 27వ తేదీన విడుదల చేసినారు. చేతిలో దొంగప్రతి ఉన్నను ప్రేక్షకులు థియేటర్లకే పోయి ఆ చిత్రాన్ని ఘనవిజయము చేసినారు. అందుబాటులో సక్రమమైన దారి ఉన్నప్పుడు జనము దానినే త్రొక్కుదురనుటకు ఇంతకంటే నిదర్శన మెందుకు?

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఈ వ్యవహారముతో సంబంధ మేమని శంకింపవచ్చును. అసలు సంబంధము వారికే. ‘ప్రతి తీయుట’ అనునది మన భాషలో చాలకాలము పుణ్యకార్యముగా ఉండినది. తాటాకు గ్రంథము శిథిలమగునని తెలిసి ఎవరో మరొక ప్రతి వ్రాసినందుననే మన కావ్యములు మిగిలినవి. సి. పి. బ్రౌన్ దొర పండితులకు, లేఖకులకు సొంత డబ్బు ఇచ్చి ఊరూరి తాళపత్రములకు ప్రతులు వ్రాయించి, పాఠములు సరిచూపించి, 1829లో వేమన పద్యములను అచ్చు వేయించినాడు. ఆనాడు ప్రతి తీయుట నేరమై ఉన్నచో వేమన మనకు ఎంత మిగిలియుండునో!

అచ్చుయంత్రము వచ్చిన తరువాత గ్రంథకర్తకు రక్షణ అవసరమైనది. 1710లో ఇంగ్లండులో వచ్చిన మొదటి చట్టము క్రొత్త గ్రంథమునకు పదునాలుగేండ్ల హక్కు ఇచ్చినది. కర్త జీవించియున్నచో మరి పదునాలుగేండ్లు. మన 1957 చట్టము కర్త మరణించిన తరువాత కూడ యాబది ఏండ్లు ఇచ్చినది. రవీంద్రనాథ టాగూరు రచనలపై హక్కు 1991తో తీరబోవు సమయమున ఆ గడువును అరువది ఏండ్లకు పెంచినారు. ఒక్క మహాకవి కొరకు పెరిగిన గడువు వేలకొలది చిన్న రచయితలకు కూడ వర్తించినది.

దీని ఫలితము చూడుడు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1953లో గతించినారు. వారి గ్రంథములు 2014 నుండి సర్వజనుల సొత్తు. గుర్రం జాషువాగారు 1971లో గతించినారు. వారి రచనలకు 2031 ముగియువరకు ఆగవలె. శ్రీశ్రీ రచనలకు 2043 దాకా. పేరున్న కవుల పుస్తకములు ఎట్లో అంగడిలో దొరకును. కాని వారి కాలముననే ఒకటి రెండు పుస్తకములు అచ్చు వేసి మరుగునపడిన రచయితల మాట ఏమి? ప్రచురణకర్త లేడు, వారసు లెవరో తెలియదు. అచ్చు వేయువాడు భయపడును. చట్టము గడువు తీరులోపల చెదపురుగు తన గడువు తీర్చుకొనును.

ఈ ప్రమాదాన్ని గుర్తించినవాడు మన తెలుగువాడే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారము పొందిన రాజ్ రెడ్డిగారు పదిలక్షల గ్రంథములను కంప్యూటరులోనికి ఎక్కించు ప్రణాళికకు నాయకత్వము వహించినారు. గండిపేటకు ఎంతో దూరము లేని గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ఆ పనిలో పాలుపంచుకొన్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేలకొలది తెలుగు పుస్తకములు కూడ అందులోనికి చేరినవి. తరువాత కాపీరైట్ అభ్యంతరముల నడుమ ఆ సైటు మూతపడినది. చాల గ్రంథముల ప్రతులు అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరియుండుటచేత తెలుగు పరిశోధకుడు నేటికిని వాటిని చూడగలుగుతున్నాడు. అనగా ప్రతిమీద ప్రతి తీసినందుననే గ్రంథము దక్కినది. బ్రౌను నాటి ధర్మమే మరల పనిచేసినది.

కట్టలో తూములు బొత్తిగా లేవనుట అన్యాయము. ఉన్నవి, ఎక్కడున్నవో చాలమందికి తెలియదు. అదే చట్టములోని 52వ సెక్షను స్వంత అధ్యయనమునకు, విమర్శకు, పాఠము చెప్పుటకు, ప్రశ్నపత్రములకు రచనల వినియోగాన్ని నేరము కాదన్నది. 2012 సవరణ అంధులు మొదలైన వికలాంగులకు చదువదగిన రూపములో ప్రతులు చేయుటకు అవకాశమిచ్చినది. అదే సంవత్సరము మూడు పెద్ద విదేశీ ప్రచురణ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయములోని ఒక ఫోటోకాపీ దుకాణముపై దావా వేసినవి. పాఠ్యభాగములను ప్రతులు తీసి విద్యార్థులకు అమ్ముట వాటి అభియోగము. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ దావాను కొట్టివేసినది. కాపీరైట్ ప్రకృతి ఇచ్చిన హక్కు కాదు, సమాజము విద్యాభివృద్ధికై ఏర్పరచుకొన్న ఏర్పాటు అని ఆ తీర్పు సారాంశము. బోధనకు అవసరమైన మేరకు ప్రతులు తీయవచ్చునని ఆ డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనము కూడ చెప్పినది. 2017లో ఆ సంస్థలు దావా ఉపసంహరించుకొన్నవి. గండిపేట ప్రాంతమున కళాశాలల ముందరి జిరాక్సు దుకాణములలో వరుసగా నిలబడు విద్యార్థులలో ఎందరికి ఈ సంగతి తెలుసు? తెలిసినచో న్యాయమైన ప్రతిని భయము లేకుండ తీసుకొందురు. అన్యాయమైన ప్రతిని సిగ్గుపడి మానుకొందురు. హక్కు తెలియనివానికి హద్దు కూడ తెలియదు.

చేయవలసిన పని స్పష్టము. లాభమునకు దొంగప్రతులు అమ్ముకొనువానిని, చదువుకొనుటకు ప్రతి తీసుకొన్నవానిని ఒకే కంటితో చూడరాదు. వ్యాపారలాభము లేని సందర్భమున ప్రత్యేక కారణములుంటే శిక్ష తగ్గింపవచ్చునని 63వ సెక్షనే చెప్పినది; ఆ భేదము అరెస్టు సమయమునుండే పాటింపబడవలె. యజమాని దొరకని పుస్తకమునకు లైసెన్సు కోరుటకు చట్టములో దారి ఉన్నది గాని ఆ దారి న్యాయస్థానము గుండా పోవును. పల్లెటూరి గ్రంథాలయము అంత దూరము నడువలేదు. ఆ దారిని సుగమము చేయవలె. భారతి రచనల హక్కులను 1949లోనే మద్రాసు ప్రభుత్వము తీసికొని జాతిపరము చేసినది. మన రెండు తెలుగు ప్రభుత్వములు ఆ పని కొందరు కవులకైనను చేయరాదా? తన హక్కును ప్రకటనద్వారా వదలుకొను స్వేచ్ఛను 21వ సెక్షను ప్రతి రచయితకు ఇచ్చినది. మన రచయితలలో ఉదారులకు కొరత లేదు.

ఉపాధ్యాయులు ఒక పని నేడే చేయవచ్చును. తమ పాఠశాల బీరువా తెరచి, అందులో మళ్లీ అచ్చుకు నోచుకోని తెలుగు పుస్తకములేవో విద్యార్థులచేత జాబితా వ్రాయించవలె. ఏ రచయిత ఎప్పుడు గతించినాడో, ఆయన గ్రంథము ఏనాడు ప్రజల సొత్తు అగునో లెక్క కట్టించవలె. అది చరిత్ర పాఠము, గణిత పాఠము, పౌరధర్మ పాఠము కూడ అగును.

గండిపేట కట్టను తెగగొట్టుమని ఎవరును కోరరు. మరల 1908 ఎవరికి కావలె? కాని తలుపులు బిగించి, దప్పికగొన్నవానిని దొంగ అని కట్టమీదినుండి తరుముట కూడ పాలన కాదు. కట్ట గట్టిగా ఉండవలె. తూము సకాలములో తెరువవలె. అప్పుడు గండి కొట్టువానికి ఊరిలో సానుభూతి దొరకదు.