క్లినిక్ కంప్యూటర్‌కు తాళం పడితే.. మీ రిపోర్టులు ఏమవుతాయి?

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం ప్రాంతంలో ఏదైనా చిన్న క్లినిక్‌కో డయాగ్నస్టిక్ సెంటర్‌కో వెళ్లినప్పుడు కౌంటర్ వైపు ఒకసారి చూడండి. చాలాచోట్ల ఉండేది ఒకటే కంప్యూటర్. బిల్లులు, ల్యాబ్ రిపోర్టులు, వాట్సాప్ వెబ్ అన్నీ అందులోనే. ఒక ఉదయం దాన్ని ఆన్ చేస్తే ఏ ఫైలూ తెరుచుకోలేదు. డబ్బు కడితేనే తాళం తీస్తామన్న బెదిరింపు ఒక్కటే తెర మీద కనిపించింది అనుకుందాం. దీన్నే ర్యాన్సమ్‌వేర్ అంటారు. ఫైళ్లను చదవడానికి వీల్లేని సంకేత భాషలోకి మార్చేసి, విప్పే తాళంచెవికి వెల కట్టే దందా ఇది.

ఇక్కడ దీని బరువు ఎక్కువే. ప్రమాదకర రసాయనాల మధ్య పనిచేసే కార్మికుల ఆరోగ్య రికార్డులు భద్రపరచాలని, ఏడాదికి మించని వ్యవధిలో వైద్య పరీక్షలు చేయించాలని 1987లోనే ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడు లాంటి ఘటనల తర్వాత పరిహారం, వైకల్య శాతం తేల్చాలంటే చికిత్స కాగితాలే ఆధారం. బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన కార్మికుడి పాత ఎక్స్‌రే ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉండి, అది పోతే? మళ్లీ తీయించుకోవచ్చు. కానీ మూడేళ్ల కిందట ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో కొత్త ఎక్స్‌రే చెప్పదు.

పెద్ద సంస్థలకే తప్పలేదు

2020 అక్టోబర్ 22న డాక్టర్ రెడ్డీస్ తమపై సైబర్ దాడి జరిగిందని ప్రకటించింది. ఇదే జిల్లాలోని బొల్లారంలో ప్లాంట్లున్న కంపెనీ అది. ముందుజాగ్రత్తగా డేటా సెంటర్లన్నింటినీ వేరుచేసింది. అది ర్యాన్సమ్‌వేర్ దాడేనని తర్వాత తెలిపింది. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ వంతు వచ్చింది. ఐదు సర్వర్లలో దాదాపు 1.3 టెరాబైట్ల డేటాకు తాళం పడింది. సుమారు రెండు వారాలు ఓపీ చీటీలు, ల్యాబ్ పనులు చేతిరాత మీదే నడిచాయి.

ఎయిమ్స్‌ను చివరికి గట్టెక్కించింది దాడి తాకని ఒక బ్యాకప్ సర్వర్. ఈ-హాస్పిటల్ డేటాను అందులోంచే తిరిగి తెచ్చుకున్నారు. చిన్న క్లినిక్‌కు పనికొచ్చే పాఠం ఇదే. 'మమ్మల్నెవరు పట్టించుకుంటారు' అన్న ధీమా మాత్రం పనికిరాదు. ఈ ముఠాలు పేరు చూసి రావు. తలుపు తెరిచి ఉన్న యంత్రాల కోసం ఇంటర్నెట్‌ను ప్రోగ్రామ్‌లతో జల్లెడ పడతాయి.

క్లినిక్ మీదైతే

ముందు బ్యాకప్ సంగతి. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొన్నాం కదా అంటారు చాలామంది. అది రోజంతా కంప్యూటర్‌కు తగిలించే ఉంటే దానికీ తాళం పడుతుంది. కంప్యూటర్‌తో సింక్ అయ్యే గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌దీ అదే గతి, పాడైన ఫైలే పైకి వెళ్లి కూర్చుంటుంది. రెండు డిస్కులు కొనండి. సాయంత్రం ఒకదానిలో కాపీ చేసి, విప్పేసి, బీరువాలో పెట్టండి. రెండోది మరోచోట ఉండాలి. వారానికోసారి మార్చుకోండి. వాటికి పాస్‌వర్డ్ రక్షణ పెట్టండి, డిస్కు దొంగ చేతిలో పడితే అదీ డేటా లీకే. నెలకోసారి అందులోంచి ఒక పాత రిపోర్టు తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

ఇక తలుపులు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కుర్రాడు దూరం నుంచి రిపేరు చేయడానికి పెట్టిన ఎనీడెస్క్ పని అయ్యాక కూడా తెరిచే ఉందా? మూసేయండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది, అది వాడుతుంటే మారే ఏర్పాటు చూసుకోండి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. కౌంటర్‌లో ఉండేవారికి అడ్మిన్ లాగిన్ అక్కర్లేదు. మెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. 2021లో ఐర్లాండ్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థను కుప్పకూల్చిన దాడి మొదలైంది మెయిల్‌లో వచ్చిన ఒక ఎక్సెల్ ఫైల్‌తోనే. మార్చిలో ఒక ఉద్యోగి దాన్ని తెరిచారు. మే 14న తాళాలు పడ్డాయి.

దాడి జరిగిపోతే?

నెట్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. తెర మీది బెదిరింపును ఫోన్‌లో ఫొటో తీయండి. కంగారులో కంప్యూటర్ షాపు వారిని పిలిచి ఫార్మాట్ మాత్రం చేయించొద్దు. ఆధారాలూ పోతాయి, ఫైళ్లు విప్పే అవకాశం ఉంటే అదీ పోతుంది. కొన్ని పాత రకాల తాళాలకు 'నో మోర్ ర్యాన్సమ్' అనే సైట్‌లో ఉచిత తాళంచెవులు దొరుకుతాయి. యూరోపోల్, డచ్ పోలీసులు 2016లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. డబ్బు కట్టడం గురించి అడిగితే, వద్దనే చెబుతాం. ఫైళ్లు తిరిగొస్తాయన్న హామీ లేదు, కాపీ చేసుకున్న డేటాను అమ్ముకోరన్న హామీ అసలే లేదు.

1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయండి. కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు 6 గంటల్లోగా తెలపాలన్నది 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం. టోల్‌ఫ్రీ 1800-11-4949. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నిబంధనలు కూడా 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఆ తర్వాత డేటా లీకైతే రోగులకూ డేటా రక్షణ బోర్డుకూ చెప్పి తీరాలి. రక్షణ చర్యల్లో లోపానికి గరిష్ఠ జరిమానా రూ.250 కోట్లు. చిన్న క్లినిక్‌కు అంత వేస్తారని కాదు, కానీ 'మాకు తెలియదు' అనడానికి వీలుండదు.

మీరు రోగి అయితే

రిపోర్టు కాపీ ఆ రోజే అడిగి తీసుకోండి. ఎక్స్‌రే, స్కాన్‌ల ఫైళ్లు కూడా. 14 అంకెల ఆభా నంబర్ ఉంటే, క్లినిక్ ఆ వ్యవస్థలో ఉన్నట్లయితే రికార్డులు లింక్ చేయమనండి. ఎవరైనా ఫోన్ చేసి మీ జబ్బు, పరీక్ష వివరాలు సరిగ్గా చెప్పినంత మాత్రాన క్లినిక్ వాళ్లేనని నమ్మొద్దు. ఓటీపీ, డబ్బు అడిగితే కాల్ కట్ చేసి, మీ పాత చీటీ మీదున్న నంబర్‌కు మీరే ఫోన్ చేయండి.