చిన్న గ్యాసు బండను నింపుటయందలి మర్మము

మిరపకోతల కాలమున కర్నూలు జిల్లానుండి గుంటూరు ప్రాంతమునకు వచ్చు కూలీలును, కల్లముకడ కాపుండు రైతులును నేడు పుల్లలేరుకొనుట మాని చిన్న గ్యాసు బండపై వంట చేసికొనుచున్నారు. ఇది మంచి మార్పే. అయితే ఆ బండ ఖాళీయైనప్పుడు దానిని నింపించుకొను విధమును గూర్చి మన రైతులు కొంత తెలిసికొనవలసియున్నది.

పెక్కండ్రు సంతలోని దుకాణమునకు పోవుదురు. అచట దుకాణదారుడు ఇంటి వాడుకకు వచ్చు 14.2 కిలోల బండను తలక్రిందుగా నిలిపి, గొట్టము తగిలించి, చిన్న బండలోనికి గ్యాసును దింపును. చూచువారికది కడవనుండి చెంబులోనికి నీరు వంచుకొన్నంత సులువుగా తోచును.

బండలోనిది ప్రొపేను, బ్యూటేను అను వాయువుల మిశ్రమము. ఒత్తిడిచే ద్రవమై యున్నది. బయటపడినచో రమారమి 250 రెట్లు విస్తరించి వాయువగును. అది గాలికంటె బరువైనది గనుక పైకి పోక నేలబారున ప్రాకి గుంటలలో నిలుచును. గాలిలో నూటికి సుమారు 2 పాళ్లున్నను నిప్పంటుకొనును. గొట్టము తగిలించునప్పుడును, తీయునప్పుడును కొంత గ్యాసు బయటికి రాకతప్పదు. సంతలో ప్రక్కనే బజ్జీల పొయ్యి మండుచుండును!

ఇంతకంటె ముఖ్యమైన సంగతి వేరొకటి కలదు. ఈ ద్రవము ఎండకు పెరుగును. 10 డిగ్రీల వేడి హెచ్చినచో నూటికి 2 లేక 3 పాళ్లు పెరుగును. 14.2 కిలోల బండలో నీరు పోసినచో 33.3 లీటర్లు పట్టును. కాని అందు నింపు గ్యాసు ద్రవము సుమారు 26 లీటర్ల చోటే ఆక్రమించును. తక్కిన చోటు కంపెనీవారి పిసినారితనము కాదు. బెల్లము వండు పెనమును అంచువరకు చెరకురసముతో నింపు రైతు లేడు. పొంగుటకు చోటు విడుచును. పెనము పొంగినచో రసము నేలపాలగును. బండకు మూతి బిగించియుండును గనుక, చోటు చాలనినాడు పగులవలసినది ఉక్కే.

ఆ చోటు మిగులవలెనన్న తూకము చూచి నింపుటయొక్కటే మార్గము. కర్మాగారమున బండపై ముద్రించిన ఖాళీ బరువు చూచి, కాటాపై నింపి, వాల్వు కారుచున్నదేమో పరీక్షింతురు. సంత దుకాణమున కాటా యున్నను అది ధర కట్టుటకే. పెక్కు సంత బండలపై ఖాళీ బరువు గాని, తిరిగి పరీక్షింపవలసిన గడువు గాని కానరాదు. సరియైన బండ మెడపట్టీపై ‘బి 28’ అని యున్నచో 2028 జూనుతో గడువు తీరునని యర్థము. ఏ, బి, సి, డి యనునవి వరుసగా మార్చి, జూను, సెప్టెంబరు, డిసెంబరులకు గుర్తులు. లైసెన్సు లేక బండలు నింపుట 2016 నాటి గ్యాసు సిలిండర్ల నిబంధనల ప్రకారము నేరము.

యాత్రలకు పోవువారు కొనితెచ్చు 220 గ్రాముల రేకు డబ్బాల సంగతి మరింత కష్టము. అవి ఒక్కమారు వాడి పారవేయుటకు చేసినవి. మరల నింపరాదని వానిమీదనే వ్రాసియుండును. పలువిధముల ఇత్తడి మూతులు కొని వానిని నింపువారు కలరు. అవి చాలవరకు బ్యూటేను కొరకు చేసిన పలుచని రేకులు. ఇంటి గ్యాసులో ప్రొపేను కూడ కలదు. దాని ఒత్తిడి అదే వేడిమిలో బ్యూటేను ఒత్తిడికి మూడు నాలుగు రెట్లుండును.

ఇక చేయదగినదేమి? చమురు కంపెనీలు 5 కిలోల బండలను 2013 నుండి నివాసపు ఋజువు కోరకయే, గుర్తింపు కార్డు చూచి అమ్ముచున్నవి. ఇండియన్ ఆయిల్ వారు తమ బండకు 2020లో ‘ఛోటూ’ అని పేరిడిరి. ఖాళీది ఇచ్చి నిండినది తెచ్చుకొనవచ్చును. ఊరుగాని ఊరు వచ్చిన కూలీలకు ఈ సంగతి తెలియదు. వారు గోనెసంచులును, ఎండుమిరపయు నిండిన మన పాకలలోనే పండుకొందురు గదా. కావున పనికి పిలిచిన రైతే ముందుగా తెప్పించి ఇచ్చుట న్యాయము. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు గ్యాసు పంపిణీకి దరఖాస్తు చేసికొనుటకు 2023లో కేంద్రప్రభుత్వము వీలు కల్పించినది. మన సంఘ సమావేశమున ఈ విషయము చర్చకు తేదగును.

తెచ్చిన బండను నిలువుగానే యుంచవలెను. వాల్వుకడ సబ్బునీరు పూసి బుడగలు వచ్చునేమో చూడవలెను. మోటారు షెడ్డులో వాసన తగిలినచో స్టార్టరు ముట్టక, అగ్గిపుల్ల గీయక, తలుపులు తెరచి, బండను ఆరుబయట పెట్టి, దూరముగా పోయి 1906 నంబరుకు ఫోను చేయవలెను.