చికాగో మేయర్ హెరాల్డ్ వాషింగ్టన్: పీఠమూ అధికారమూ

చికాగో నగరం పేరు మన పాఠకులకు కొత్తది కాదు. డాక్టర్ ఫజ్లుర్ రహ్మాన్ 1969 నుండి 1988లో కన్నుమూసే వరకు అక్కడి విశ్వవిద్యాలయంలోనే ఇస్లామీయ చింతనను బోధించారు. తూర్పు బెంగాల్ నుండి వెళ్ళిన ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ నిర్మాణ పద్ధతిని రూపొందించిన సియర్స్ టవర్ అక్కడే నిలిచి ఉన్నది. 1975లో ఎలైజా ముహమ్మద్ మరణానంతరం ఆయన కుమారుడు వారిస్ దీన్ ముహమ్మద్ వేలాది నల్లజాతివారిని సున్నీ ఇస్లాం వైపు నడిపించినది కూడా ఆ నగరం కేంద్రంగానే. అయితే 1983లో ఆ నగరానికి మొట్టమొదటి నల్లజాతి మేయర్‌గా ఎన్నికైన హెరాల్డ్ వాషింగ్టన్‌ను గురించి మనలో తెలిసినవారు తక్కువ. ఆయన ముస్లిం కాదు, ఒక మెథడిస్టు బోధకుని కుమారుడు. అయినా ఆయన చరిత్ర మనం తెలుసుకోదగినది. ఒక అల్పసంఖ్యాక వర్గం పీఠాన్ని గెలుచుకోవడం వేరు, అధికారాన్ని పొందడం వేరు అన్న సంగతి ఆయన విషయంలో బహు స్పష్టంగా కనిపిస్తుంది.

వాషింగ్టన్ 1922 ఏప్రిల్ 15న చికాగోలోనే జన్మించారు. తండ్రి న్యాయవాది, బోధకుడు మాత్రమే కాక డెమొక్రటిక్ పార్టీకి తన పేటలో ఓట్లు సమీకరించే కార్యకర్త కూడా. కుమారుడు రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ ప్రాంతంలో సైనికునిగా పనిచేసి, తిరిగివచ్చి రూజ్వెల్ట్ కళాశాలలోనూ, తర్వాత నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రమూ చదివి 1952లో పట్టా పొందారు. తండ్రి పోయిన తర్వాత పార్టీలో ఆ పనే చేపట్టారు.

ఆ పార్టీ తీరును ఇక్కడ కొంత వివరించాలి. 1955 నుండి 1976 వరకు మేయర్‌గా ఉన్న రిచర్డ్ జె. డేలీ నడిపిన వ్యవస్థను చికాగోవారు ‘యంత్రం’ అనేవారు. ఓట్లు తెచ్చినవానికి నగరపాలక సంస్థలో ఉద్యోగం, ఓట్లు తగ్గితే ఉద్యోగానికి ఎసరు. నల్లవారి పేటలు ఎన్నికల నాడు ఓట్లు కుప్పలుగా పోసేవి. మంచి పాఠశాలలు, ఇళ్ళు, కాంట్రాక్టులు మాత్రం వేరే పేటలకు పోయేవి. వాషింగ్టన్ ఈ యంత్రంలోనే పెరిగి, దానితోనే పోట్లాడుతూ వచ్చారు. 1965 నుండి ఇల్లినాయ్ రాష్ట్ర శాసనసభలో సభ్యుడు, 1981లో అమెరికా కాంగ్రెసు సభ్యుడు అయ్యారు. ఆయన జీవితంలో మచ్చ లేకపోలేదు. ఆదాయపు పన్ను వివరాలు సమర్పించనందుకు 1972లో కొద్ది వారాలు జైలులో ఉన్నారు. ప్రత్యర్థులు దీనిని చివరి వరకు ఎత్తిచూపుతూనే వచ్చారు. 1977లో మేయర్ పదవికి మొదటిసారి పోటీచేసినప్పుడు ఘోరంగా ఓడిపోయారు.

అందుచేత 1982లో సంఘాలవారు వచ్చి మళ్ళీ నిలబడమని కోరినప్పుడు ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ముందుగా 50 వేలమంది కొత్త ఓటర్లను నమోదు చేయించండి అన్నారు. నమోదైనవారు లక్షకు మించిపోయారు. నా దృష్టిలో ఆయన రాజకీయ జీవితంలో అన్నిటికంటె తెలివైన మాట ఇదే. 1983 ఫిబ్రవరిలో పార్టీ అభ్యర్థిని ఎంపికచేసే ఎన్నికలో అప్పటి మేయర్ జేన్ బర్న్, డేలీ కుమారుడు రిచర్డ్ ఎం. డేలీ తెల్లవారి ఓట్లను చీల్చుకోగా వాషింగ్టన్ నెగ్గారు.

1931 తర్వాత ఆ నగరంలో రిపబ్లికన్ మేయర్ లేడు. డెమొక్రటిక్ అభ్యర్థి అయితే చాలు, గెలిచినట్లే. కాని ఈసారి డెమొక్రటిక్ నాయకులు అనేకులు రిపబ్లికన్ అభ్యర్థి బెర్నార్డ్ ఎప్టన్ పక్షాన చేరారు. మార్చి 27న వాషింగ్టన్ తెల్లవారి పేటలోని ఒక చర్చికి వెళ్ళగా గుంపు ఆయనను చుట్టుముట్టి దూషించింది. చర్చి తలుపు మీద జాతి విద్వేషపు వ్రాతలు కూడా కనిపించాయి. ఏప్రిల్ 12న ఆయనకు 6,68,176 ఓట్లు, ఎప్టన్‌కు 6,19,926 ఓట్లు వచ్చాయి. తెల్లవారిలో ఆయనకు ఓటు వేసినవారు నూటికి సుమారు 12 మంది. నల్లవారు దాదాపు అందరూ, స్పానిష్ భాషీయులలో అత్యధికులు ఆయన వెంట నిలిచారు.

అసలు కథ ఇక్కడనే మొదలవుతుంది. నగర సభలో సభ్యులు 50 మంది. ఎడ్వర్డ్ వర్డోలియాక్, ఎడ్వర్డ్ బర్క్‌ల నాయకత్వంలో 29 మంది ఒక కట్టుగా ఏర్పడ్డారు. వారిలో నల్లవారు ఒక్కరూ లేరు. మేయర్ పక్షాన ఉన్నవారు 21 మంది. మే 2న జరిగిన తొలి సమావేశాన్ని మేయర్ వాయిదా వేసి లేచిపోగా, ఆ 29 మంది కూర్చునే ఉండి కమిటీలన్నిటినీ తమ చేతిలోకి తీసుకున్నారు. న్యాయస్థానాలు వారిని ఆపలేదు. మేయర్ నియమించినవారిని సభ ఆమోదించదు, సభ చేసిన తీర్మానాన్ని మేయర్ తిరస్కరిస్తారు. ఆ తిరస్కారాన్ని కొట్టివేయడానికి 34 ఓట్లు కావాలి, అవి వారికి లేవు. ఇలా మూడేళ్ళు గడిచాయి. పత్రికలవారు దీనిని ‘కౌన్సిల్ యుద్ధాలు’ అన్నారు.

సభ అవసరం లేని పనులను వాషింగ్టన్ తన ఉత్తరువులతో చేశారు. నగర కార్యాలయాల కాగితాలను పౌరులు చూడవచ్చునన్నారు. రాజకీయ సిఫారసుతో ఉద్యోగాలు ఇచ్చే పద్ధతిని అరికట్టే న్యాయస్థాన ఒప్పందంపై సంతకం చేశారు. 1985 మార్చిలో జారీ చేసిన మరొక ఉత్తరువు ప్రకారం నగర ఉద్యోగులు ఎవరినీ వలస పత్రాలు ఉన్నాయా అని అడగరాదు. చికాగో నిండా ఉన్న వలస కుటుంబాలకు ఈ ఒక్క వాక్యం ఎంత ఊరటో ఊహించవచ్చు.

చిక్కుముడి విడిపోయినది మాత్రం సభలో కాదు, వార్డుల పటంలో. 1980 జనాభా లెక్కల తరువాత పాత పాలకులు గీయించిన సరిహద్దులు నల్లవారి, స్పానిష్ భాషీయుల పేటలను ముక్కలుచేసి వారి ఓటుకు విలువ లేకుండా చేశాయని కొందరు పౌరులు వాషింగ్టన్ గెలుపుకు ముందే న్యాయస్థానానికి వెళ్ళి ఉన్నారు. ఆ వ్యాజ్యం ఫలితంగా గీతలు మారాయి. 1986లో ఏడు వార్డులలో ప్రత్యేక ఎన్నికలు జరిగాయి. 26వ వార్డులో లూయిస్ గుటియెరెజ్ ఏప్రిల్ 29న తుది పోటీలో గెలవడంతో సభ సరిగ్గా 25, 25గా చీలింది. సమానమైతే నిర్ణాయక ఓటు మేయర్‌ది. నెగ్గిన మూడేళ్ళకు ఆయనకు అధికారం చేతికి వచ్చింది.

1987 ఏప్రిల్‌లో మళ్ళీ గెలిచారు. అదే ఏడు నవంబరు 25న తన కార్యాలయంలో బల్ల ముందు కూర్చుని ఉండగా గుండెపోటుతో కుప్పకూలి మరణించారు. వయస్సు 65. సభ చేతి కింద ఉండి ఆయన పనిచేయగలిగినది ఏడాదిన్నర మాత్రమే. వారసుని ఎన్నుకునే రాత్రి ఆయన కూటమి రెండుగా చీలిపోయింది. నల్లజాతి సభ్యుడు యూజీన్ సాయర్ పాత ప్రత్యర్థుల ఓట్లతో మేయర్ అయ్యారు. 1989లో రిచర్డ్ ఎం. డేలీ గెలిచి 2011 వరకు ఆ పదవిలో ఉన్నారు. వాషింగ్టన్ తర్వాత చికాగో ఓటర్లు మరొక నల్లజాతి మేయర్‌ను ఎన్నుకున్నది 2019లో.