జంట డ్రైవులు: తుఫాను నేర్పిన పాఠం

ఒకప్పుడు ఇంటిలోని విలువైన పత్రాలకు ఇనుప బీరువాయే ఆశ్రయం. నేడు అనేక గృహాలలో ఆ బాధ్యతను ఒక చిన్న నాస్ పెట్టె స్వీకరించింది. ఇంటిలోని కంప్యూటర్లు, ఫోనులు అన్నీ తమ దస్త్రాలను అందులోనే దాచుకుంటాయి. పుదుచ్చేరి కోసపాళయంలోని మా ఇంట కూడా అటువంటిది ఒకటి ఉన్నది. యానాం నుండి వచ్చిన కుటుంబం మాది. తాతగారి నాటి దస్తావేజుల నకళ్లు, నాన్నగారి పింఛను కాగితాలు, నేడు మన మధ్య లేని పెద్దల ఫోటోలు అందులోనే ఉన్నాయి.

పెట్టెలో రెండు ఎస్‌ఎస్‌డి డ్రైవులు. ఒకదానిలో వ్రాసినది తక్షణమే రెండవదానిలోనూ నమోదవుతుంది. ఇక భయమేమున్నదని నిశ్చింతగా ఉన్నాము.

2024 నవంబరు 30వ తేదీ రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. విద్యుత్తు పోయింది. తిరిగి వచ్చిన పిదప పెట్టె ఆగకుండా కూత పెట్టసాగింది. రెండవ డ్రైవు జత తప్పినదని తెర మీద హెచ్చరిక! ఫోనులో సంప్రదించగా ఒక దుకాణదారు, “ఫార్మాట్ చేసి మళ్లీ జత చేయండి, సరిపోతుంది” అన్నారు. చేయి మీట వరకూ వెళ్లి ఆగింది.

మొదట నకలు, తరువాతే మరమ్మతు

పాత హార్డ్‌డిస్కు చెడబోయే ముందు తరచు చప్పుడు చేసి హెచ్చరిస్తుంది. ఎస్‌ఎస్‌డిలో కదిలే భాగాలు లేవు. అది మౌనంగానే పోగలదు. పైగా చెరిపివేసిన గడులను అది తనంతట తానే ఖాళీ చేసుకుంటుంది గనుక, పొరపాటున ఫార్మాట్ చేస్తే తిరిగి రాబట్టడం దాదాపు అసాధ్యం. అందువల్ల మరమ్మతును పక్కనపెట్టి, మిగిలిన డ్రైవులోని సమస్తాన్నీ ఒక బయటి డిస్కులోకి ఎక్కించాము. ఆ పని ముగిసేసరికి అర్ధరాత్రి దాటింది.

డ్రైవు చెప్పిన సాక్ష్యం

ప్రతి డ్రైవూ ‘స్మార్ట్’ అనే ఆరోగ్య నివేదికను తనలోనే వ్రాసుకుంటుంది. అందులో మూడు అంశాలు ముఖ్యం: ఖర్చయిన ఆయుర్దాయం, చెడిన గడుల సంఖ్య, సీఆర్‌సీ దోషాల సంఖ్య. మొదటి రెండూ పెరిగితే లోపం డ్రైవులో ఉన్నట్లు. మూడవది మాత్రమే పెరిగితే లోపం సాధారణంగా తీగలోనో, అమరికలోనో ఉంటుంది.

మా డ్రైవులో పెరిగినది మూడవదే. పెట్టెను ఆపి డ్రైవుల స్థానాలు మార్చి చూశాము. ఈసారి మంచి డ్రైవులో దోషాలు పెరగసాగాయి! అనగా వ్యాధి డ్రైవుది కాదు, గూటిది. సముద్రపు గాలికి అక్కడి లోహపు స్పర్శలు నల్లబడి ఉన్నాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రపరచి ఆరనిచ్చాము. పాత లెక్క చెరగదు గాని, కొత్త దోషం మరి నమోదు కాలేదు.

జంట అంటే నకలు కాదు

ఈసారి లోపం చిన్నదే. కాని జంట మీద మేము పెట్టుకున్న నమ్మకం ఎంత బలహీనమో తెలిసివచ్చింది. ఒకే రోజున బిగించిన రెండు డ్రైవులు ఒకే విధంగా అరుగుతాయి. 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ సంస్థ తన కొన్ని ఎస్‌ఎస్‌డిలు సరిగా 32,768 గంటలు పనిచేయగానే ఆగిపోతాయని ప్రకటించి, సవరించిన ఫర్మ్‌వేర్‌ను విడుదల చేసింది. ఒకేసారి మొదలైన జంట ఒకేసారి ముగియవచ్చునన్నమాట. ఇక మనము పొరపాటున చెరిపినది రెండింటిలోనూ చెరుగుతుంది.

కావున సహోద్యోగ మిత్రులకు మా మనవి: నెలకొకసారి ఆరోగ్య నివేదికను చూడండి, పెట్టెకు యూపీఎస్ అమర్చండి, ఫర్మ్‌వేర్‌ను నవీకరించండి, జత ఎంత బాగున్నా, ఒక నకలును వేరొక ఊరిలో ఉంచండి. మా మూడవ ప్రతి ఇప్పుడు యానాంలో తమ్ముని ఇంటి బీరువాలో ఉన్నది. ఒకే తుఫాను కోసపాళయాన్నీ యానాన్నీ ఒకే రాత్రి ముంచదని మా ధైర్యం.