మహారోగమును గూర్చిన పరిశోధనలు

నిజామాబాదునుండి హైదరాబాదునకు పోవు దారిలో డిచ్‌పల్లి యను గ్రామము కలదు. అచ్చటి గుట్టమీది రామాలయమును దర్శించిన సోదరీమణు లెందఱో ఉందురు. ఆ ప్రాంతముననే 1915లో కుష్ఠరోగులకొఱకు విక్టోరియా ఆసుపత్రి యేర్పడెను. 2006లో స్థాపింపబడిన తెలంగాణ విశ్వవిద్యాలయముకూడ ఆ ప్రాంతముననే వెలసినది. పుస్తకముల సంచులు భుజములకు తగిలించుకొని బస్సులు దిగు ఆడపిల్లలను చూచి మన పెద్దమ్మలు, "డిగ్రీలయినంక ఇంకేం సదువు బిడ్డా?" అని అడుగుచుందురు. అడుగదగిన ప్రశ్నయే. పట్టభద్రులైన పిమ్మట చదువు చదువు పరులు వ్రాసినది నేర్చుకొనుట కాదు. ఎవరికిని ఇంకను తెలియని దొక ప్రశ్నను పట్టుకొని, దానికి జవాబు వెదకుట. దేహ మెట్లు పనిచేయును, రోగ మెట్లు దానిని చెఱచును అను ప్రశ్నలను పట్టుకొనువారు నేడు మన ఆడపిల్లలలోను పెక్కుమంది ఉన్నారు. ఆ ప్రశ్న లెట్టివో చెప్పుటకు మన జిల్లాతో ముడివడిన మహారోగముకంటె తగిన యుదాహరణము నాకు కనబడలేదు.

పురాణములు చదువుకొన్న మనకు ఈ రోగము క్రొత్తది కాదు. శ్రీకృష్ణుని కుమారుడగు సాంబుడు శాపవశమున కుష్ఠరోగియై సూర్యోపాసనచే బాగుపడెనని విన్నాము. మయూరకవి కథయు నట్టిదే. ఈ కథలనుండి మనవారు భక్తిని కొంతయు, భయమును మఱికొంతయు గ్రహించిరి. రోగి శాపగ్రస్తుడను మాటమాత్రము గట్టిగా నిలిచిపోయినది. కాని మన పూర్వులు శాపమని చెప్పి యూరకుండలేదు. సుశ్రుతసంహితలో పశ్చిమసముద్రతీరమున పెరుగు తువరకవృక్షపు గింజల తైలమును ఈ రోగమునకు ఔషధముగా చెప్పిరి. ఆయుర్వేదమున కుష్ఠములు పదునెనిమిది విధములు. చర్మవ్యాధులు పెక్కు ఆ పేరిటనే లెక్కింపబడినవి. అందువలన పాతగ్రంథములలోని కుష్ఠమును చదివినప్పు డెల్ల నేటి వైద్యులు చెప్పు రోగమే యని తలపరాదు. బొల్లిమచ్చను చూచి కుష్ఠమని బెదరువారు నేటికిని కలరు. బొల్లి వేఱు, ఇది వేఱు. బొల్లి పాలవలె తెల్లగా నుండును, అచ్చట స్పర్శ చెడదు, అది అంటురోగమును కాదు.

1873లో నార్వేదేశమున హాన్సెన్ అను వైద్యుడు ఈ రోగమునకు సూక్ష్మజీవి కారణమని కనుగొనెను. అది వంశపారంపర్యముగా వచ్చునది కాదు, పాపఫలమును కాదు అని దానివలన తేలినది. కారణము దొరకినను మందు దొరకలేదు. వైద్యులు మరల మన తువరకజాతి నూనెనే ఆశ్రయించిరి. దానిని చాల్మోగ్ర నూనె యందురు. త్రాగినచో కడుపులో నిలువదు, వాంతి యగును. సూదితో ఎక్కించినచో చిక్కని నూనె రక్తమున కలియక చర్మముక్రింద గడ్డలు కట్టును. ఔషధ మున్నది, దేహము పుచ్చుకొనదు, ఇది చిక్కు.

ఆ చిక్కును విప్పినది ఇరువదిమూడు, ఇరువదినాలుగేండ్ల యొక యువతి. ఆమె పేరు ఆలిస్ బాల్. అమెరికాలోని నీగ్రో కుటుంబమున 1892లో జన్మించినది. హవాయి కళాశాలలో చేరి, కావా యను మొక్క వేరులోని రసాయనములను పరిశోధించి, 1915లో రసాయనశాస్త్రమున మాస్టరు పట్టమును పొందెను. అచ్చట ఆ పట్టము పొందిన మొదటి స్త్రీ యామెయే. అచ్చటి కుష్ఠరోగుల వైద్యుడు హాల్‌మన్ ఆమె నేర్పును చూచి నూనె విషయమున సహాయము కోరెను. ఆమె ఆ నూనెలోని ఆమ్లములను వేఱుపఱచి, మద్యసారముతో కలిపి, దేహము గ్రహింపగల పలుచని రూపమునకు తెచ్చెను. ఇంతచేసి, దానిని ప్రకటించుటకు ముందే, 1916 డిసెంబరు 31న ఇరువదినాలుగవ యేట మరణించెను. ఆ కళాశాల అధ్యక్షుడు డీన్ ఆ పనిని కొనసాగించి, ఆమె పేరెత్తకయే ప్రకటించుకొనెను. 1922లో హాల్‌మన్ ఇది బాల్ పద్ధతియని వ్రాసెను గాని లోకము చాలకాలము వినిపించుకొనలేదు. 2000 సంవత్సరమున ఆ విశ్వవిద్యాలయమువారు తమ తోటలోని చాల్మోగ్ర చెట్టునొద్ద ఆమె పేర ఫలకమును నిలిపిరి. ఎనుబది నాలుగేండ్లకు! స్త్రీల శ్రమ నింటిలో లెక్కింపకపోవుటకు మనము అలవాటుపడినాము. విద్యాలయములలోను అట్లే జరిగినదని తెలిసి నొచ్చుకొనని స్త్రీ యుండదు.

ఇంచుమించు ఆ కాలముననే మన డిచ్‌పల్లిలో మఱియొక స్త్రీ ఈ రోగముతో పోరాడుచుండెను. ఆమె డాక్టరు ఇసబెల్ కెర్. స్కాట్లండు దేశస్థురాలు, 1903లో అబర్డీనులో వైద్యపట్టము పొంది, 1907లో భర్త జార్జి కెర్ దొరతో నిజాముగారి రాజ్యమునకు వచ్చి నిజామాబాదున కాపురముండెను. ఇతర రోగులను చూచుచుండగా కుష్ఠరోగు లామెకడకు రాసాగిరి. వారి నుంచుటకు చోటులేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ అను దాత ధనసహాయము చేసెను. మతము వేఱైనను చేయి ముందుకు చాచిన యీ దాతను మనజిల్లావారు మఱవరాదని నా యభిప్రాయము. కలకత్తా ఉష్ణమండల వైద్యపాఠశాలలో మ్యూర్ మొదలగువారు సరిదిద్దిన సూదిమందు పద్ధతి డిచ్‌పల్లికిని వచ్చెను. అంతవఱకు చావునకు ఎదురుచూచు చోటైన కుష్ఠాశ్రమము, బాగుపడి యింటికి పోవు ఆశగల ఆసుపత్రి యయ్యెను. ఆ నూనె అందఱిని బాగుచేయలేదు. రోగము ముదిరినవారికి దాని ఫలము స్వల్పమే.

జాన్ లో అను వైద్యుడు డిచ్‌పల్లిలో పనిచేసి, తరువాత కలకత్తాలో పరిశోధన సాగించి, అటనుండి నైజీరియాలోని ఉజువాకొలికి పోయెను. డాప్సోన్ అను చౌకయైన మాత్రను నోట వేసికొనినను రోగము తగ్గునని 1950 ప్రాంతమున నిరూపించినవారిలో ఆయన ముఖ్యుడు. ఆ ఉజువాకొలిలోనే పనిచేసిన డేవీ అను వైద్యుడు, ఇందుకు ఎదురుగా, ఆఫ్రికానుండి మన డిచ్‌పల్లికి వచ్చెను. రోగిని ముట్టుకొన్న మాత్రమున రోగ మంటునని లోకులు నమ్ముచుండిరి. ఆయన రోగుల ముక్కుచీమిడిని పరీక్షించి, చికిత్స పొందని తీవ్రరోగుల ముక్కులోనుండి సూక్ష్మజీవులు అపారముగా వెలువడుచున్నవని రీస్ అను శాస్త్రజ్ఞునితో కలిసి 1974లో ప్రకటించెను. చీమిడి పరీక్షించుట యేమి పని యని నవ్వరాదు. ఆ పనివలననే రోగము శ్వాసమార్గమున వ్యాపించునను అభిప్రాయము బలపడినది. గాజుల చేయి తగిలెనని, కంచము కలిసెనని వెలివేయుట తెలివితక్కువయని దానివలన తెలిసికొనవచ్చును. మందు మొదలుపెట్టిన కొలదికాలమునకే రోగి యితరుల కంటించు స్థితిని దాటిపోవును. అంతియేకాదు, నూటికి సుమారు 95 మందికి ఈ సూక్ష్మజీవిని సహజముగానే ఎదిరించు శక్తి కలదు.

అట్లయిన వ్రేళ్లు ఊడిపోవుట యెట్లు? దేహశాస్త్రము తెలియనిదే దీనికి జవాబు లేదు. ఈ సూక్ష్మజీవికి చల్లదన మిష్టము. అందువలన ముక్కు, చెవితమ్మెలు, చర్మము, చేతులకాళ్ల చర్మమునకు చేరువగా పోవు నాడులు, వీనిని ఆశ్రయించును. నాడికి తొడుగువలె నుండు కణములలో దూరి కూర్చుండును. నాడి చెడగా స్పర్శయు, నొప్పియు పోవును. వెల్లూరులో పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు 1940ల చివరనుండి ఈ చేతులను పరీక్షించి, రోగముచే మాంసము కుళ్లి వ్రేళ్లు రాలుట లేదనియు, నొప్పి తెలియని చేయి కాలుటచేతను, కోసికొనుటచేతను, పుండు పడి క్రమముగా అరిగిపోవుచున్నదనియు తేల్చెను. నొప్పిని తిట్టుకొనని వారెవరు? అది లేనిచో మన చేయి యేమగునో యోచింపుడు. పొయ్యిమీది గిన్నెను వట్టిచేత దింపి, చర్మము కమలినను తెలియని యిల్లాలు, చెఱకుకోతలో ఆకు అంచు అరచేతిని గీరినను, కొడవలి తగిలినను రక్తము కనబడువఱకు తెలిసికొనలేని కూలిస్త్రీ, ఇట్టివారికి వ్రేళ్లు పోవుట శాపమువలన కాదు.

చెఱకు మాట వచ్చినది గనుక బోధనును గూర్చి యొకమాట. 1931లో నిజాంసాగరు పూర్తియై నీరు పాఱిన తరువాత ఆ నేల చెఱకుతోటల పాలైనది; 1937లో చక్కెర కర్మాగారము స్థాపింపబడి శక్కర్‌నగరు వెలసినది. 2015లో అది మూతపడినది. బోధనే భారతములోని ఏకచక్రపురమని స్థానికులు చెప్పుదురు. బకాసురునికి దినమున కొక యింటివంతున మనిషిని పంపిన యూరది. మహారోగము వచ్చినదని తల్లిని, కోడలిని ఇల్లు వెడలగొట్టినవారు ఏ రాక్షసునికి వంతు చెల్లించిరో నాకు తెలియదు. చట్టముకూడ చాలకాలము వారి పక్షముననే యుండెను. 1955 నాటి హిందూవివాహ చట్టములో కుష్ఠరోగము విడాకులకు కారణముగా నుండెను. 2019లో పార్లమెంటు దానిని తొలగించినది. పెండ్లినాటికి మచ్చ దాచి, పెండ్లియైన తరువాత భయముతో మఱింత దాచి, చేయి వంకరపోయిన పిమ్మట వైద్యునికి చూపించు దుస్థితికి ఆ భయమే మూలము. ఇపుడా భయమునకు చట్టబలము లేదు.

ఇక నేటి విద్యార్థుల ప్రశ్నలు. 1980ల నుండి మూడు మందులను కలిపి యిచ్చు చికిత్స వచ్చినది. రోగమునుబట్టి ఆఱు నెలలో, పండ్రెండు నెలలో మాత్రలు మ్రింగిన చాలును. ప్రభుత్వ ఆసుపత్రులలో రొక్కమడుగరు. 2005 డిసెంబరు నాటికి దేశమంతటిమీద పదివేలమందికి ఒక్కరికంటె తక్కువ రోగులున్న స్థితి వచ్చినది. కాని ఏటేట లోకమున బయటపడు క్రొత్తరోగులలో సగమునకు పైగా మన దేశమువారే. మందున్నను రోగ మేల పోకున్నది? హైదరాబాదులోని చెర్లపల్లిలో లెప్రా సంస్థవారి బ్లూ పీటర్ పరిశోధనకేంద్రము 1999 నుండి కలదు. ఇట్టి చోట్ల యువపరిశోధకులు పట్టుకొను ప్రశ్న లిట్లుండును.

మొదటిది, ఈ సూక్ష్మజీవిని సీసాలో పెంచుట యెట్లు? పాలలో తోడువేసిన తెల్లవాఱునప్పటికి పెరుగగును. ఆ జీవు లంత వేగముగా వృద్ధిపొందును. ఈ జీవి ఒకటి రెండగుటకు సుమారు రెండు వారములు పట్టును, అదియు ప్రాణిదేహమున మాత్రమే. హాన్సెన్ కనుగొని నూటయేబదియేండ్లు దాటినను కృత్రిమాహారముపై పెంచగలిగినవారు లేరు. 1960లో షెపర్డ్ ఎలుక పాదములలో పెంచెను. 1971లో కిర్క్‌హైమర్, ఎలినార్ స్టార్స్ అను నిరువురు, చల్లని దేహముగల ఆర్మడిల్లో అను అమెరికా జంతువులో పెంచిరి. వీరిలో స్టార్స్ స్త్రీ. 2001లో దాని జన్యువులన్నియు చదివిచూడగా సగమునకు దగ్గఱగా చెడిపోయి పనికిరానివై యున్నవి. స్వయముగా జీవించు శక్తిని పోగొట్టుకొని పరగృహమున బ్రతుకుట నేర్చినదన్నమాట.

రెండవది, నాడి చెడకముందే రోగమును గుర్తించుట. దేహమున చేరిన తరువాత బయటపడుటకు అయిదేండ్లును, ఒక్కొకప్పుడు ఇరువదేండ్లును పట్టవచ్చును. రక్తపరీక్షతో ముందుగా పట్టుకొనగల ఉపాయమునకై పెక్కుచోట్ల శ్రమించుచున్నారు. అది దొరకువఱకు కన్నును, చేయియే సాధనములు. చుట్టుచర్మముకంటె వెలవెలబోయిన లేక ఎఱ్ఱని మచ్చ కనబడిన, కన్నులు మూసికొని, దూదిపోచతో దానిని తాకించుకొనవలెను. తాకినట్లు తెలియనిచో ఆసుపత్రికి పోవలెను. వీపుమీది, తొడమీది మచ్చలను మగవారికి చూపుటకు సిగ్గుపడి కాలహరణము చేయు స్త్రీలెందఱో ఉన్నారు. ఇంటింటికి వచ్చు ఆశా కార్యకర్త స్త్రీయే. ఆమెను గుమ్మమునుండియే పంపివేయక లోనికి పిలిచి చూపవచ్చును. ఇంట రోగి యున్నచో మిగిలినవారికి ముందుజాగ్రత్తగా నొక్క మోతాదు మందిచ్చు పద్ధతియు ఇపుడు కలదు.

మూడవది మనకు మిక్కిలి దగ్గఱది. మందు పనిచేసి సూక్ష్మజీవులు చచ్చినను, దేహమే వానిపై కోపగించి వాపు, జ్వరము, నాడీబాధ తెచ్చుకొనుట కలదు. వైద్యులు దీనిని ప్రతిచర్య యందురు. గర్భిణులలోను, ప్రసవించిన పిమ్మట కొన్ని నెలలలోను ఇది కనబడుట గమనింపబడినది. గర్భకాలమున తల్లిదేహము బిడ్డను పరునిగా ఎంచక సహించుటకై తన రక్షణశక్తిని మార్చుకొనును. ప్రసవానంతర మా శక్తి మరల విజృంభించును. అప్పుడే నాడి దెబ్బతినును. ఎవరికి వచ్చును, ముందుగా ఎట్లు తెలియును అను ప్రశ్నకు పూర్తి జవాబు ఇంకను రాలేదు. 2013నుండి నిజామాబాదునకు ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. మన ఆడపిల్లలలో నెవరైన ఈ ప్రశ్నను చేపట్టినచో నాకెంతయు సంతోషము. బాలింతరాలి దేహమును బాలింతరాలే చక్కగా ప్రశ్నింపగలదు.

ఈలోపల, చికిత్సలో నున్న గర్భిణి మాత్రలు మానరాదు. ఆ మూడు మందులు గర్భమునకును, చనుబాలకును నిరపాయములని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. తల్లి బిడ్డకు పాలీయవచ్చును. అందొక మందువలన బిడ్డ చర్మము కొంచెము నల్లబడినచో దిష్టియని, రోగమంటెనని కంగారుపడి పాలు మాన్పించెదరు. ఆ రంగు మందు ముగిసిన కొన్ని నెలలకు దానంతటదే పోవును. ప్రసవానంతరము చేతులో, కాలో క్రొత్తగా తిమ్మిరెక్కి బలము తగ్గినచో మాత్రము బాలింతనొప్పులని పత్యముతో సరిపెట్టక ఆ వారములోనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వాపు తగ్గించు మందు ఆలస్యము కాకుండ పడినచో నాడి నిలుచును.