పాతర గడ్డికి గాలే శత్రువు

వర్షాకాలంలో మిగులుగా పండిన పచ్చిమేతను వేసవి కొరత కోసం దాచుకునే మార్గం పాతర గడ్డి. దీనినే సైలేజ్ అంటారు. అయితే గుంతలో వేసిన మేతంతా సైలేజ్ కాదు. లోపల గాలి మిగిలితే అది బూజు పట్టి, రైతు పెట్టిన ఖర్చుతో పాటు పశువుల ఆరోగ్యాన్నీ దెబ్బతీస్తుంది.

గాలి లేని చోట లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా మేతలోని చక్కెరలను పులియబెట్టి ఆమ్లంగా మారుస్తుంది. ఉదజని సూచిక సుమారు 4కు తగ్గితే కుళ్లబెట్టే సూక్ష్మజీవుల వృద్ధి ఆగిపోతుంది. చక్కెరలు తగినంతగా ఉండే మొక్కజొన్న, జొన్న ఇందుకు అనువైనవి.

మొక్కజొన్నను గింజలోని పాలు గట్టిపడి పిండి పట్టే దశలో, తేమ 65 నుంచి 70 శాతం ఉన్నప్పుడు కోయాలి. నరికిన మేతను పిడికిట బిగించి వదిలినప్పుడు రసం కారితే తేమ ఎక్కువైనట్టు. ముద్ద వెంటనే విడిపోతే ఆరిపోయినట్టు. మెల్లగా విచ్చుకుంటే సరైన పదును. 2-3 సెంటీమీటర్ల ముక్కలను పలుచని పొరలుగా పరుస్తూ ట్రాక్టరుతో తొక్కించాలి. గుంత నింపడం వీలైనంత త్వరగా ముగించి, పాలిథిన్ పట్టా కప్పి, అంచులను మట్టితో మూసి, పైన బరువు పెట్టాలి.

సుమారు 45 రోజుల తర్వాత తెరవవచ్చు. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు, పుల్లని వాసన నాణ్యతకు గుర్తులు. నల్లబడిన, బూజు పట్టిన భాగాన్ని పారవేయాలి. కొన్ని బూజు విషాలు పాలలోకీ చేరగలవు. రోజూ ఒక పక్క నుంచి నిలువుగా కోసి తీసుకుని, వెంటనే కప్పాలి. తెరిచి వదిలేస్తే నెలన్నర నిరీక్షణ కొద్ది రోజుల్లోనే వృథా అవుతుంది.