చెట్టు మందే కదా అనుకోవద్దు!

పొద్దున్నే పెరట్లోకి వెళ్లి నాలుగు బిళ్ళగన్నేరు ఆకులు తెంపి, కడిగి నమిలేస్తారు. మీ ఇంట్లో షుగర్ ఉన్నవారెవరికైనా ఈ అలవాటుందా? ఒకసారి అడిగి చూడండి.

కొడంగల్ వైపు నుంచి ఈమధ్య మా ఓపీకి ఒక పెద్దాయన వచ్చారు. కాలి మీద పుండు ఎంతకీ మానటం లేదు. పరగడుపున గ్లూకోజు చూస్తే 310 ఉంది. మూడు నెలలుగా మాత్రలు మానేసి, ఈ ఆకు మీదే ఆధారపడ్డారట. ''చెట్టు మందే కద సార్, ఏం కాదనుకున్న'' అన్నారు. ఆయనలా అనుకునేవారు చాలామందే ఉన్నారు.

షుగర్ కోసం వెతికితే..

బిళ్ళగన్నేరు మన పెరటి మొక్కే గానీ పుట్టిల్లు మాత్రం ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి. దీన్ని అక్కడి నాటువైద్యంలో ఎప్పటి నుంచో వాడుతున్నారు. షుగర్‌కు ఈ ఆకు కషాయం తాగే అలవాటు జమైకాలోనూ ఉంది. దాని సంగతేమిటో తేల్చాలని 1950లలో కెనడా శాస్త్రవేత్తలు రాబర్ట్ నోబుల్, ఛార్లెస్ బీర్ ప్రయోగాలు చేశారు. నోటి ద్వారా ఇస్తే ఎలుకల్లో గ్లూకోజు పెద్దగా తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే ఎలుకలు ఇన్‌ఫెక్షన్లతో చనిపోయాయి. కారణం- రక్తంలో తెల్లకణాలు పడిపోవటం.

తెల్లకణాలను తగ్గించే గుణమే రక్తకేన్సర్‌కు మందైంది. ఈ మొక్క నుంచి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ మందులు తీశారు. పిల్లల్లో వచ్చే రక్తకేన్సర్ చికిత్సలో విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ కీలకమే. కానీ దాన్ని బరువు, ఎత్తు లెక్కగట్టి, రక్తపరీక్షలు చూసుకుంటూ, నరం ద్వారానే ఇస్తారు.

నాలుగాకులతో ఏమవుతుంది?

ఇది న్యాయమైన ప్రశ్నే. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయటానికి సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. కాబట్టి నాలుగాకులు నమిలితే కీమోథెరపీ తీసుకున్నట్టేమీ కాదు. కానీ ఈ మొక్కలో వందకు పైగా ఆల్కలాయిడ్లున్నాయి. అవి నేలను, కాలాన్ని బట్టి మారుతుంటాయి. మాత్ర మీద 500 మిల్లీగ్రాములని రాసి ఉంటుంది. ఆకు మీద ఏమీ రాసి ఉండదు కదా. రోజూ నమిలితే, కషాయంగా మరిగిస్తే ఒంట్లోకి ఎంత వెళ్తోందో చెప్పలేం. ఈ మొక్కను మందుగా వాడి ఎముక మజ్జ తీవ్రంగా దెబ్బతిన్న ఉదంతాన్ని తైవాన్ వైద్యులు 2004లో ప్రచురించారు.

కొన్ని జంతు ప్రయోగాల్లో దీని సారం గ్లూకోజును తగ్గించిన మాట నిజం. కానీ మనుషులకు ఎంత మోతాదు, ఎంతకాలం సురక్షితమన్నది తేలలేదు. షుగర్ మాత్రలకు ఇది తోడైతే గ్లూకోజు మరీ పడిపోయే ముప్పూ ఉంది. మాత్రలు మానేసి దీన్నే నమ్ముకుంటే పెద్దాయనకు జరిగిందే జరుగుతుంది.

ఎవరెవరు జాగ్రత్త?

* గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, కేన్సర్ చికిత్స తీసుకుంటున్నవారు అసలు ముట్టుకోవద్దు.

* ఇప్పటికే నమిలేవారిలో వాంతులు, నోటిపూత, జ్వరం, విడవని మలబద్ధకం, చేతులు కాళ్ల తిమ్మిర్లు కనిపిస్తే ఆపేసి వెంటనే డాక్టర్‌ను కలవాలి.

* పేరు చూసి పొరపడొద్దు. గన్నేరు, పచ్చగన్నేరు వేరే మొక్కలు. వాటి ఆకులు, గింజలు గుండె లయను దెబ్బతీసి ప్రాణాలు తీస్తాయి.

మెట్‌ఫార్మిన్ వంటి షుగర్ మాత్రలు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగానే ఇస్తారు. వాటిని క్రమం తప్పకుండా వేసుకోండి. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి. రోజూ పాదాలు చూసుకోండి. పెరట్లో మొక్కను పీకెయ్యాల్సిన పనేమీ లేదు. పూలు పూజకు కోసుకోవచ్చు.

ఒక్క మాట. ఆకు సంగతి ముందే ఎందుకు చెప్పలేదని పెద్దాయనను అడిగాను. ''మీరు అడగలె గద సార్'' అన్నారు. నిజమే, అంతకుముందు వచ్చినప్పుడు నేనూ అడగలేదు. ఇప్పుడు అందరినీ అడుగుతున్నాను. మీరు మాత్రం అడిగేదాకా ఆగకండి. కోప్పడతారేమోనని దాచకండి. ఆకైనా, కషాయమైనా, పొడైనా వాడుతుంటే మీ డాక్టర్‌కు ముందే చెప్పండి.